చీటీ లేని కట్లు

కుర్చీలు నలభై వేశారు. నలభై నిండి తీరాలని సూపరింటెండెంటు గారి హుకుం. పెద్ద ఆసుపత్రి నుంచి పిల్లల డాక్టరమ్మ శిక్షణ ఇవ్వడానికి వస్తోంది, ఫొటో తీస్తారు, ఫొటోలో ఖాళీ కుర్చీ పడకూడదు. తొమ్మిదిన్నరకి డాక్టర్లంతా వచ్చి రిజిస్టరులో సంతకాలు గీకారు. పది కొట్టేసరికి ఒకాయనకి ఆపరేషను గుర్తొచ్చింది, ఇంకొకాయనకి ఫోనొచ్చింది, మిగతావాళ్ళకి వీళ్ళిద్దర్నీ చూసి ధైర్యమొచ్చింది. పెద్ద సిస్టరు వసారాలోకి వచ్చి కంటపడినవాళ్ళని కంటపడినట్టు లోపలికి తోలింది. రక్తం తీసేవాడు, స్ట్రెచరు తోసేవాడు, నేల తుడిచే ఆడవాళ్ళు, మందుల కౌంటరు పిల్ల. వాళ్ళతో పాటు సున్నం మేస్త్రి.

సున్నం మేస్త్రి అసలు పేరు ఆసుపత్రిలో ఎవరికీ గుర్తులేదు. విరిగిన చేతులకీ కాళ్ళకీ ప్లాస్టరు కట్లు వేయడం అతని పని. మోచేతుల దాకా తెల్లటి పొడి అంటుకుని, ఎప్పుడు చూసినా గోడకి సున్నం కొట్టి అప్పుడే నిచ్చెన దిగినవాడిలా ఉంటాడు. ఏడో తరగతితో బడి వదిలేశాడు. అతను చేరాక ఎముకల డాక్టర్లు పదకొండు మంది వచ్చారు, పదకొండు మందీ వెళ్ళారు. వచ్చిన ప్రతివాడూ కట్టు తీరు ఇతని చేతులు చూసి నేర్చుకున్నవాడే. నేర్చుకున్న మర్నాటి నుంచి ఇతన్ని "ఏయ్" అని పిలిచినవాడే. ఆ కడుపుమంట మేస్త్రికి యాభై నాలుగేళ్ళు నిండినా చల్లారలేదు, చల్లార్చుకోవాలని అతను అనుకోనూ లేదు.

"పిల్లల్ని కొట్టకూడదని చెప్తారట," అన్నాడు పక్క కుర్చీలో కూలబడుతూ స్ట్రెచరు తోసే మనిషి. ఆయన్ని అందరూ తోపుడు బావ అంటారు. "మా ఇంట్లో నన్నే కొడతారు. ఆ ముక్క ఎవరితో చెప్పుకోను?"

"టిఫిను పెడతారట. నోరు మూసుకు కూర్చో."

డాక్టరమ్మ పొట్టి మనిషి. నెరిసిన జుట్టు, మెడలో తాడుకి వేలాడే కళ్ళజోడు. మైకు పక్కకి జరిపేసి మామూలు గొంతుతో మొదలుపెట్టింది. "కొట్టినవాళ్ళు వచ్చి కొట్టామని చెప్పరు. దెబ్బలు తిన్న పిల్లలూ చెప్పరు. చెప్పేది ఒంటి మీద దెబ్బే. అది చదవడం మనకి రావాలి."

తెర మీద బొమ్మలు మారాయి. పరిగెత్తే పిల్లలకి మోకాళ్ళు చెక్కుకుపోతాయి, నుదురు బొప్పి కడుతుంది, అది వయసు. చెవి వెనకా, వీపు మీదా, చంక కిందా దెబ్బ ఉందంటే ఆగి చూడాలి. మందుల కౌంటరు పిల్ల రాసుకుంటోంది. తోపుడు బావ కునికిపాట్లు పడుతున్నాడు. అప్పుడు తెర మీదికి ఒక ఎక్స్‌రే వచ్చింది.

"ఇదేమిటో ఎవరైనా చెప్తారా?"

ముందు వరస సిస్టర్లు పుస్తకాల్లోకి తలలు దించారు.

"మెలి," అన్నాడు మేస్త్రి. అనాలని అనలేదు, నోట్లోంచి జారింది.

"ఏంటండీ?"

"మెలిపెడితే విరిగిందమ్మా అది. పడితే అడ్డంగా విరుగుద్ది, లేదా ఒక పక్క నొక్కుకుపోద్ది. ఇది తీగ చుట్టినట్టు తిరిగింది. ఎవరో పట్టుకుని తిప్పారు."

డాక్టరమ్మ కళ్ళజోడు పెట్టుకుని అతని వైపు చూసింది. "డాక్టర్లతో నిండిన హాళ్ళలో కూడా ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు. అయితే ఒక మాట. ఆటల్లో కాలో చెయ్యో ఇరుక్కుని కూడా ఒక్కోసారి ఇలాగే విరుగుతుంది. అందుకే ఒక్క బొమ్మ చూసి ఎవరినీ దొంగని చెయ్యం. చెప్పిన కథకీ దెబ్బకీ పొంతన కుదిరిందా లేదా చూస్తాం. తర్వాత పాత కాగితాలు తీస్తాం. ఒకసారి వచ్చిన బిడ్డలో ఒక దెబ్బే కనపడుతుంది. నాలుగోసారి వచ్చిన బిడ్డలో నాలుగూ కనపడాలి. కనపడాలంటే మొదటి మూడూ ఎక్కడో రాసి ఉండాలి."

తోపుడు బావ లేచి చప్పట్లు కొట్టాడు, మేస్త్రిని మెచ్చుకున్నందుకు. మేస్త్రికి మాత్రం కింద కుర్చీ ఉందో లేదో తెలియలేదు.

మూడు. అతని లెక్కలోనూ మూడే.

ప్లాస్టరు గదికి రెండు తలుపులు. ముందు తలుపు వసారాలోకి. అటు వచ్చేవాళ్ళు చీటీ రాయించుకోవాలి, డాక్టరుకి చూపించాలి, ఎక్స్‌రేకి వరసలో నిలబడాలి, మేస్త్రి దగ్గరికి వచ్చేసరికి పొద్దు గూకుతుంది. వెనక తలుపు ఉతికిన దుప్పట్లు ఆరేసే పెరట్లోకి. అటు వచ్చేవాళ్ళు మూడుసార్లు తడితే చాలు. వంటావిడ కొడుకు, కాపలావాడి తల్లి, తోపుడు బావ భార్య, అందరూ ఆ తలుపున వచ్చినవాళ్ళే. చీటీ లేదు, రిజిస్టరు లేదు, డాక్టరు లేడు. చేత్తో తడిమి చూసి కట్టు వేసి పంపేస్తాడు. ఇది తప్పని ఎవరూ అనుకోలేదు. మనవాళ్ళకి మనం చేసుకోకపోతే ఇంకెవరు చేస్తారు, అని ఆసుపత్రిలో చిన్న జీతాల వాళ్ళందరి మాట. తన చేతిలో ఉన్న ఒకే ఒక్క పెత్తనం ఆ తలుపు గడియ. అందుకని మేస్త్రికి అదంటే కాస్త గర్వం కూడా.

ఆ తలుపునే ఏడాదిలో మూడుసార్లు అతని అక్క తన మనవరాలిని తెచ్చింది. పిల్లకి ఆరేళ్ళు. సన్నగా ఉంటుందని పిట్ట అంటారు. అమ్మానాన్నలు ఇద్దరూ దూరాన ఫ్యాక్టరీలో పని, రెండు నెలలకోసారి వస్తారు, పిల్ల నానమ్మ దగ్గరే పెరుగుతోంది. మొదటిసారి మంచం మీంచి పడిందంది అక్క. రెండోసారి స్నానాల గదిలో జారిందంది. మూడోసారి చెయ్యి తలుపు సందులో నలిగిందంది. మూడుసార్లూ కుడి ముంజేయే. మూడుసార్లూ మేస్త్రి వేళ్ళు ఎముక వెంట నడుస్తూ నడుస్తూ ఒకచోట ఆగి, ఇది పడ్డ దెబ్బ కాదు అని చెప్పాయి. చేతికి తెలిసిన సంగతి అతను నోటిదాకా రానివ్వలేదు. కడుపు చించుకుంటే కాళ్ళ మీదే పడుతుంది కదా. మూడోసారి, కట్టు మీద తడి చేత్తో నునుపు చేస్తుంటే, నానమ్మ బయట ఉన్నప్పుడు పిట్ట గుసగుసగా అంది: "తాతయ్యా, ఎవరికీ చెప్పకు." ఏం చెప్పకూడదో అడగలేదు అతను. "చెప్పన్లే," అన్నాడు.

ఆ మాట గుర్తొచ్చేసరికి డాక్టరమ్మ సరిగ్గా దాని దగ్గరికే వచ్చింది. "పిల్లలు మనల్ని అడుగుతారు, ఎవరికీ చెప్పకు అని. చెప్పనని మాటివ్వకండి. అది మీరు నిలబెట్టుకోకూడని మాట."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, మేస్త్రి చేతులు తమంతట అవే ప్యాంటుకి తుడుచుకున్నాయి.

"ఇప్పుడు చిన్న నాటకం," అంది డాక్టరమ్మ. "ఒకరు సిస్టరు. ఒకరు పిల్లని తెచ్చిన ఇంటి పెద్ద. ఏమండీ, ఎక్స్‌రే చెప్పినాయన, మీరు రండి. మీరు పిల్ల నానమ్మ."

హాలంతా గొల్లుమంది. తోపుడు బావ భుజం మీది తువ్వాలు తీసి మేస్త్రి తల మీద కొంగులా కప్పాడు. మేస్త్రి వద్దంటున్నా ముందుకి తోశారు. ఎదురుగా మందుల కౌంటరు పిల్ల సిస్టరు వేషం కట్టి కూర్చుంది.

"పాపకి ఏమైంది పెద్దమ్మా?"

మేస్త్రి ఏదో ఒకటి అని దిగిపోదామనుకున్నాడు. నోరు తెరిచాక ఆగలేదు. "ఏమవుద్దమ్మా, కోతి మూక. ఒకచోట నిలవదు. నా మోకాళ్ళు చూస్తే ఇట్టా ఉన్నాయి, దీని వెనక పరిగెత్తేదెవరు. కన్నవాళ్ళు కని నా నెత్తిన పడేశారు. పొద్దున్నే పాలగ్లాసు పెట్టి అటు తిరిగానో లేదో, ధబ్బుమంది."

"ఎక్కడి నుంచి పడింది?"

"ఎక్కడి నుంచంటే ఏం చెప్తాను. నేను చూశానా ఏంటి. అయినా పిల్లలు పడకుండా పెద్దవుతారా? నేను ముగ్గుర్ని పెంచాను. నా తమ్ముణ్ణి పెంచాను తల్లి పోతే. వాడు పడలేదా? గోడ దూకి చెయ్యి విరగ్గొట్టుకోలేదా? వాడు బతకలేదా? ఆ చేత్తోనే ఇవాళ పది మందికి కట్లు కడుతు..."

ఆగిపోయాడు. జనం ఇంకా నవ్వుతున్నారు. నేల తుడిచే ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ, "అచ్చం ఆడమనిషే," అంటోంది. నవ్వనిది డాక్టరమ్మ ఒక్కతే. "చాలు. బాగా చెప్పారు," అంది మెల్లగా. "చూశారా, ఈవిడ రాక్షసి కాదు. అలిసిపోయిన మనిషి. చాలాసార్లు ఇలాగే ఉంటారు. అంతమాత్రాన పిల్ల చెయ్యి అతుక్కోదు."

గులాబీ రంగు ఫారాలు పంచారు. అనుమానం వచ్చినవాళ్ళు ఎవరైనా సరే, ఆయాలైనా సరే, చూసిందేమిటో రాసి ఇవ్వాలి. నిరూపించడం వాళ్ళ పని కాదు. రాయకుండా ఊరుకోవడం మాత్రం తప్పు. తోపుడు బావ ఎప్పుడూ లేనిది చెయ్యెత్తాడు. "అమ్మా, సొంతవాళ్ళయితేనో?"

డాక్టరమ్మ చేతిలో మిగిలిన ఫారాలు బల్ల మీద పెట్టింది. "తియ్యగా చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదండీ. పిల్లా సొంతమే కదా."

*

భోజనాల వేళయింది. మేస్త్రి టిఫిను పొట్లం తీసుకోకుండానే తన గదికి వచ్చి, ముందు తలుపు దగ్గరగా వేసి, స్టూలు మీద కూర్చున్నాడు. కిటికీ లేని గది. గోడల మీద తెల్లటి చుక్కలు, మూలన కత్తిరించేసిన పాత కట్ల కుప్ప, చిన్నవీ పెద్దవీ, లోపల మనిషి లేని చేతులూ కాళ్ళూ. ఇరవై ఆరేళ్ళు ఇందులో ఎలా కూర్చున్నానా అనిపించింది. నీళ్ళ తొట్టి పక్కన గులాబీ ఫారం పెట్టాడు. చూడకూడదని మళ్ళీ బోర్లా తిప్పాడు.

వెనక తలుపు మీద మూడుసార్లు చప్పుడైంది.

తీయకుండానే తెలిసింది. తీశాడు.

"ఎంతసేపురా తలుపు తీయడానికి, నిద్రపోతున్నావా?" అంటూ అక్క లోపలికి వచ్చింది. అరవై రెండేళ్ళ మనిషి, మోకాళ్ళ మీద చేతులు వేసుకుని ఒక్కో అడుగూ వేస్తుంది. వెనక పిట్ట. ఎడమ చెయ్యి ఒంటికి అతికించుకుని, కుడి చేత్తో దాన్ని మోస్తూ, ఏడుపు ఆపేసి చాలాసేపైన మొహంతో.

"మళ్ళీ పడింది. దీనికీ భూమాతకీ ఏం చుట్టరికమో. ఎప్పట్లాగే ఒక కట్టు పడెయ్యి. పొయ్యి మీద పప్పు పెట్టొచ్చాను, చిన్న మంటే అనుకో."

మేస్త్రి చేతులు అలవాటు ప్రకారం పని మొదలుపెట్టాయి. పిల్లని బల్ల మీద కూర్చోబెట్టాడు. దూది చుట్ట తీశాడు. ప్లాస్టరు చుట్ట విప్పి నీళ్ళలో వేశాడు. బుడగలు వచ్చి ఆగిపోయాయి. తీసి మెల్లగా పిండాడు. తడిసిన చుట్టకి నాలుగైదు నిమిషాలే ఆయుష్షు, ఆ లోపల పని అయిపోవాలి. రెండో చేత్తో పిట్ట చొక్కా చెయ్యి పైకి జరిపాడు. ఈసారి ముంజేయి కాదు. భుజానికీ మోచేతికీ మధ్య వాచి ఉంది. వాపు లోపలి వైపు, చంకకి కాస్త కింద, నాలుగు నీలం మచ్చలు వరసగా, బయటి వైపు ఒకటి. అయిదు వేళ్ళ అచ్చు. ఎవరికీ శిక్షణ అక్కర్లేదు.

"ఏం జరిగింది తల్లీ?" అన్నాడు. ఎవరు చేశారు అని కాదు, ఏం జరిగింది అని అడగాలని చెప్పింది డాక్టరమ్మ.

పిట్ట నానమ్మ వైపు చూసింది. "పడ్డాను."

"ఎక్కడ?"

"ఏంట్రా కొత్తగా?" అంది అక్క. "ఎప్పుడైనా అడిగావా? పోలీసువా?"

"చూడు అక్కా, ఈ మచ్చలు."

"ఏం మచ్చలు? పడబోతుంటే పట్టుకున్నాను. పట్టుకోకూడదా?"

"పట్టుకుంటే ఎముక విరగదు."

అక్క గోడకి చేరబడింది. కాసేపటికి కింద కూర్చుంది, మోకాళ్ళు పట్టుకుని. "పాలు ఒలకబోసిందిరా. రెండోసారి. ఒక్క పూటలో రెండోసారి. నేను దాన్ని కొట్టాలనుకోలేదు. చెయ్యి పోతుంది. ఎటు పోతుందో నాకే తెలీదు. అయ్యాక చూస్తే దీని మొహం. అప్పుడు నేనే ఏడుస్తాను, నేనే ఎత్తుకొస్తాను నీ దగ్గరికి. ఇంకెవరి దగ్గరికి వెళ్ళను? నిన్ను పెంచిన చెయ్యేరా ఇది."

"అవును," అన్నాడు మేస్త్రి. "అదే చెయ్యి."

అతని ఎడమ మోచెయ్యి పూర్తిగా చాపుకోదు. గోడ దూకబోయి పడ్డానని అందరికీ చెప్తాడు. ఎనిమిదేళ్ళప్పుడు, తల్లి పోయిన ఏడు, పదహారేళ్ళ అక్క వంటా వార్పూ బట్టల కుట్టూ అన్నీ నెత్తిన వేసుకుని వాడిని సాకుతున్న రోజుల్లో, కిరసనాయిలు సీసా పగిలింది. గోడ కథ అక్కే నేర్పింది, కట్టు కట్టే ముసలాయన దగ్గరికి పోయే దారిలో, వాణ్ణి చంకనేసుకుని, వెక్కి వెక్కి ఏడుస్తూ. వాడు ఆ కథని ఎన్నిసార్లు చెప్పాడంటే గోడ ఎత్తు కూడా కళ్ళకి కడుతుంది ఇప్పుడు. ఆ ముసలాయన దగ్గర కూర్చోవడం అలవాటయ్యే ఈ పనిలోకి వచ్చాడు. అన్నం పెట్టిన చెయ్యీ అదే, విరిచిన చెయ్యీ అదే, ఉద్యోగంలోకి దారి చూపించిందీ ఒక రకంగా అదే.

"ముందుకెళ్ళి చీటీ రాయించుకురా అక్కా."

"ఏంటీ?"

"చీటీ. డాక్టరు చూడాలి. ఎక్స్‌రే తీయాలి."

అక్క నవ్వబోయింది. "తమ్ముడి దగ్గరికొచ్చి చీటీయా? బాగుందిరా. రేపు మీ ఇంటికొస్తే అప్లికేషను పెట్టుకోమంటావు."

"పిల్లల సంగతి చూసే డాక్టరమ్మ వచ్చింది ఇవాళ. ఆమెకి చూపిద్దాం."

నవ్వు పోయింది. అక్క బడికి పోకపోయినా తెలివి తక్కువ మనిషి కాదు. బోర్లా ఉన్న గులాబీ కాగితం కేసి ఒకసారి, తమ్ముడి మొహం కేసి ఒకసారి చూసింది. "చూపించు. మంచిదే. మరి కిందటి మూడు కట్లు ఎవరేశారని అడిగితే ఏం చెప్తావు? చీటీ లేకుండా, డాక్టరు లేకుండా ఏసింది ఎవరు? నా మెడకి తాడు కడదామనుకుంటున్నావు, రెండో కొస నీ మెడకే ఉంది చూసుకో. ఇంకో నాలుగేళ్ళు సర్వీసు. నీ పెళ్ళాం మందులు ఈ ఆసుపత్రివే కదా. బెదిరించడం కాదురా, ఉన్నమాట చెప్తున్నాను."

ఉన్నమాటే. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. అప్పుడు పిట్ట చిన్న గొంతుతో అంది: "తాతయ్యా, నువ్వు చెప్పనన్నావు కదా."

అక్కకీ మనవరాలికీ మధ్య అతను ఎటూ చూడలేక కిందికి చూశాడు. ఎడమ చేతిలో తడి చుట్ట అలాగే ఉంది. పిండినది పిండినట్టే, అతని వేళ్ళ అచ్చుతో బిగుసుకుపోయి, రాయి అయింది. అయిదు నిమిషాలూ అయిపోయాయి. పనికిరాని దాన్ని మూలనున్న కుప్పలోకి విసిరేశాడు. కావాలంటే ఇంకో చుట్ట ఉంది. అలమారులో డజన్లున్నాయి. ఇప్పటిదాకా అలాగే అనుకుంటూ వచ్చాడు.

వెళ్ళి వెనక తలుపుకి గడియ పెట్టాడు. ముందు తలుపు బార్లా తీశాడు. పిట్ట చెయ్యి కదలకుండా తువ్వాలుతో మెడకి వేలాడదీసి, "అన్నాను తల్లీ. అనకూడదు. తప్పు నాది," అని, మంచి చెయ్యి పట్టుకుని వసారాలోకి నడిచాడు. వెనక అక్క లేవలేక గోడ పట్టుకుంటున్న చప్పుడు వినపడింది. ఇంకెప్పుడైనా అయితే వెళ్ళి లేవదీసేవాడు.

*

డాక్టరమ్మ పిల్లని పక్క గదిలో కూర్చోబెట్టి, మోకాళ్ళ మీద వంగి, చాలాసేపు మాట్లాడింది. బొమ్మలిచ్చింది, నీళ్ళిచ్చింది. పిట్ట ఒకటే మాట చెప్పింది. పడ్డాను. ఎక్స్‌రే తీసిన డ్యూటీ డాక్టరు కూడా, "పై చెయ్యి ఇలా పడ్డా విరగొచ్చు మేడమ్," అన్నాడు. నానమ్మ ఏమో పడబోతుంటే పట్టుకున్నానంటోంది. మచ్చలకీ దానికీ పొంతన కుదిరిపోయింది. రిజిస్టరులో వెతికించారు. ఆ పిల్ల పేరే లేదు. కాగితాల లెక్కన ఇదే మొదటిసారి రావడం.

మేస్త్రి శిక్షణ హాల్లో, ఖాళీ అయిన నలభై కుర్చీల మధ్య, ఫారం ముందు పెట్టుకుని కూర్చున్నాడు. అక్షరాలు పెద్దవిగా, ఒక్కొక్కటీ కట్టు చుట్టినట్టు రాస్తాడు. రాసేవారి పేరు. రాశాడు. పిల్లకి మీరేమవుతారు. తాతయ్య అని రాశాడు. ఇంతకుముందు ఈ బిడ్డకి చికిత్స జరిగిందా. పెన్ను అక్కడ ఆగింది.

సూపరింటెండెంటు గారు వచ్చి పక్కన కూర్చున్నాడు. ఇరవై ఆరేళ్ళలో ఆయన మేస్త్రి పక్కన కూర్చోవడం అదే మొదలు. పెన్ను ఎక్కడ ఆగిందో చూశాడు; వెనక తలుపు సంగతి ఆయన ఎరగనిది కాదు.

"చూడు మేస్త్రీ. బాధ్యతగా ముందుకొచ్చావు. సంతోషం. ఇవాల్టి దెబ్బ ఉంది, ఇవాల్టిది రాయి, చాలు. ఆ పాతవి ఎందుకు? చీటీల్లేకుండా ఏడాదిపాటు ఆసుపత్రిలో కట్లు వేశారని బయటికి తెలిస్తే నీ ఒక్కడిదా పరువు? నీ మంచికే చెప్తున్నాను."

"ఇవాల్టిది ఒకటే రాస్తే పిల్లని సాయంత్రానికి ఎవరితో పంపిస్తారండీ?"

"ఎవరితో ఏంటి, ఇంటివాళ్ళతో."

"అదేనండీ."

"నీ ఇష్టం. తర్వాత నన్ను అనుకోకు."

మేస్త్రి రాశాడు. మూడుసార్లు. ఏ నెలలో, ఏ చెయ్యి, ఎముక ఎక్కడ, ఎలా విరిగింది. ఎక్స్‌రే లేదు, చేత్తో చూశాను. ఎవరికీ చెప్పలేదు. కింద ఒక గీత ఖాళీ మిగిలింది: అనుమానానికి కారణం. ఆ గీత కేసి చూసి, నా మోచెయ్యి, అని రాశాడు. డాక్టరమ్మ చదివి తలెత్తితే, చొక్కా చెయ్యి మడిచి చూపించాడు. "గోడ దూకలేదమ్మా నేను," అన్నాడు. ఇన్నేళ్ళలో ఆ మాట ఎవరితోనైనా అనడం అదే.

పిట్ట కుడి చేతికి కూడా ఎక్స్‌రే తీశారు. ముంజేయి ఎముక మీద మూడు చోట్ల అతుకు కనిపించింది, చెరుకు గడకి కణుపుల్లా. చక్కగా అతుక్కున్నాయి. మేస్త్రి కట్టు అంటే అదీ. డ్యూటీ డాక్టరు ఆ ఎక్స్‌రేని రెండోసారి వెలుతురుకి పెట్టి చూశాడు. డాక్టరమ్మ ఫోన్లు చేసింది. పిల్లల సంరక్షణ వాళ్ళు గంటలో వస్తామన్నారు. పిట్ట అమ్మానాన్నలు బస్సు ఎక్కారు.

సూపరింటెండెంటు గారి మనిషి వచ్చి ప్లాస్టరు గది తాళంచెవి అడిగాడు. విచారణ అయ్యేదాకా ఆ గదిలో అడుగు పెట్టకూడదట. మేస్త్రి జేబులోంచి తీసి ఇచ్చాడు. వెనక తలుపుకి తాళం లేదు, గడియే, ఆ సంగతి కూడా చెప్పాడు.

అక్క వసారాలో బెంచీ మీద కూర్చుని ఉంది. పక్కన ఒక సిస్టరుని కాపలా పెట్టారు. మేస్త్రి దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండుననుకున్నాడు.

"పప్పు మాడిపోయుంటుంది," అంది అక్క అతని వైపు చూడకుండా. "నువ్వన్నా వెళ్ళి పొయ్యి ఆర్పు. తాళం పూలకుండీ కింద ఉంది."

"వెళ్తాను."

"దాని చిన్న దిండు ఉంటుంది మంచం మీద. అది లేందే నిద్రపోదు. ఎక్కడికి తీసుకెళ్తారో ఏమో. తెచ్చివ్వు."

"తెస్తాను అక్కా."

ఆమె తన కుడి చెయ్యిని ఎడమ చేత్తో పట్టుకుని ఒళ్ళో పెట్టుకుంది, పక్కవాళ్ళ వస్తువు ఏదో కాసేపు చూస్తుండమని ఇచ్చినట్టు. తోపుడు బావ ఖాళీ స్ట్రెచరు తోసుకుంటూ అటు వచ్చి, వాళ్ళిద్దర్నీ చూసి, స్ట్రెచరు వెనక్కి తిప్పుకుని పోయాడు. వెనక తలుపున వచ్చినవాళ్ళలో ఆయన భార్య కూడా ఉంది. రేపటి నుంచి తనతో ఎవరెవరు మాట్లాడరో మేస్త్రికి తెలుసు.

ప్లాస్టరు గది ముందు తలుపు తెరిచే ఉంది. లోపల బల్ల మీద పిట్ట. డ్యూటీ డాక్టరు కట్టు వేస్తున్నాడు. తొట్టిలో చుట్ట నానబెట్టాడు, ఎక్కువసేపు ఉంచాడు, నీళ్ళు కారుతుండగానే చుట్టడం మొదలుపెట్టాడు. అరచేత్తో కాకుండా వేలి కొసలతో నొక్కుతున్నాడు. గుంటలు పడతాయి, రేపు లోపల ఒరుసుకుంటాయి. పెద్ద సిస్టరు చెయ్యి పట్టుకుని ఉంది, వంకరగా. మేస్త్రి గడప దాకా వెళ్ళి ఆగాడు. గడప దాటకూడదు.

పిట్ట అతన్ని చూసింది. మాట తప్పిన మనిషిని పిల్లలు ఎలా చూస్తారో అలా చూసి, మొహం గోడ వైపు తిప్పుకుంది. కట్టు మోచెయ్యి దాటి మణికట్టు మీదికి, అక్కడి నుంచి అరచేతి మీదికి పాకుతోంది.

"బొటనవేలు," అన్నాడు మేస్త్రి గడప ఇవతలి నుంచి.

డ్యూటీ డాక్టరు తలెత్తాడు. "ఏయ్, నీకేం పని ఇక్కడ?"

"బొటనవేలు బయట ఉంచండి సార్. కప్పేస్తున్నారు. రాత్రికి వాపు వస్తే గోరు రంగు చూడాలి." ఆగి, ఇంకా అక్కడే నిలబడ్డాడు. "ఇంకా ఆరలేదు. ఇప్పుడైతే జరపొచ్చు."